కొంగల పుట్టింట్లో మనుషులు

మా చింతమానుపల్లెలో కొంగలున్నాయన్న సంగతి పరిరక్షణ శాఖ వారు కిందటేడు ఎండాకాలంలో కనుక్కున్నారు. అంతకు ముందు ఆ సంగతి కొంగలకూ, మాకూ మాత్రమే తెలుసు. తరతరాలుగా ఇంత పెద్ద విషయాన్ని శాఖ దృష్టికి తీసుకురానందుకు మా మీద వాళ్ళకు కొంచెం కోపం కూడా వచ్చింది. మేము దాచిపెట్టిందేమీ లేదు. కూతురు పురిటికి వస్తే కలెక్టరాఫీసుకు వెళ్ళి చెప్పి రావాలని మాకెవరికీ తోచలేదు, అంతే.

కూతుళ్ళంటే కొంగలే. మాఘమాసంలో వస్తాయి. తెల్లటి ఒళ్ళు, పసుపుపచ్చని పొడుగాటి ముక్కు, తోక దగ్గర గులాల్ చల్లినట్టు ఎరుపు. మా పెరళ్ళలో ఉన్న చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసుకుని, శ్రావణం రాగానే ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోతాయి. పురిటికొచ్చిన ఆడపిల్లను ఎలా చూసుకుంటారో మా ఊరు వాటిని అలాగే చూసుకుంటుంది. మొదటి కొంగ వాలిన చెట్టుకు ఆడవాళ్ళు పసుపు రాస్తారు. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో టపాకాయ కాల్చరు, చింతకొమ్మ నరకరు. గూట్లోంచి పిల్ల జారిపడితే గంప కింద పెట్టి, చెరువులో చేపపిల్లల్ని తెచ్చి మేపుతారు. గుడ్ల కోసం కోతులొస్తే మాత్రం ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలేసి, చేతికి దొరికింది పట్టుకుని, నోటికొచ్చిన తిట్లు తిడుతూ తరుముతారు. ఆ తిట్లలో ఓబులమ్మను మించినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు.

ఓబులమ్మ ఇల్లు నేను పాఠాలు చెప్పే బడి పక్కనే. ఊళ్ళోకెల్లా పెద్ద చింతచెట్టు ఆమె పెరట్లో ఉంది. మొగుడు పోయి చాలాకాలమైంది. ఒక్కతే కూతురు గంగరత్న. ధర్మవరంలో మగ్గం నేసే నరసింహులుకిచ్చి పెళ్ళి చేసింది. ఈ మాఘానికి గంగరత్నకు ఏడో నెల. తొలి కానుపు పుట్టింట్లో జరగాలని ఓబులమ్మ పట్టుదల.

"మొగోడు లేని కొంపయినా కూతురికి పురుడు బాగా చేసిందని నలుగురూ అనుకోవల్ల అయివారూ. దానికోసరమే రెండు పొట్టేళ్ళు మేపుతాండా," అనేది నాతో.

ఇంతలో శాఖ వారు వానాకాలమంతా కొలిచి, చలికాలమంతా గీసి, సరిగ్గా కొంగలొచ్చే వేళకు మా ఊరిని 'విహంగ సంతాన సంరక్షణ ప్రాంతం'గా ప్రకటించారు. ప్రారంభోత్సవానికి సంరక్షణాధికారి పరాంకుశం గారు స్వయంగా విచ్చేశారు. కొంగలకు ఇబ్బంది అని మైకు పెట్టలేదు. ఆయన తన ఉపన్యాసం యావత్తూ గుసగుసగా చెప్పారు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినపడలేదు. చప్పట్లు నిషేధం కాబట్టి చేతులు గాలిలో ఊపమన్నారు. ఊపాం. అంత మంది ఒక్కసారి చేతులూపేసరికి చెట్టు మీదున్న కొంగలన్నీ లేచి వెళ్ళి మళ్ళీ సాయంత్రానికి గాని రాలేదు.

తర్వాత పటం విప్పారు. చింతచెట్ల నీడ పడినంత మేర కీలక మండలం, అందులో మనుషులకు ప్రవేశం లేదు. మిగిలిన ఊరు తటస్థ మండలం, అందులో మనుషులు మితంగా ఉండవచ్చు. ఓబులమ్మ వంటిల్లు తటస్థంలోకి వచ్చింది. గేదె కీలకంలోకి వచ్చింది.

"మరి ఎనుముకు పాలెవరు పిండాల సార్?" అని అడిగింది ఓబులమ్మ.

"సదరు గేదె స్వచ్ఛందంగా తటస్థ మండలంలోకి విచ్చేయునంతవరకు వేచియుండవలసిందిగా సూచించడమైనది," అన్నారు పరాంకుశం గారు, గుసగుసగా.

చదువుకున్నవాణ్ణి కదా, నాకు ఊరుకోబుద్ధి కాలేదు. చెట్టు నీడ పొద్దున ఒక పక్కన ఉంటుంది, సాయంత్రం ఇంకో పక్కన ఉంటుంది, మరి హద్దు ఏదని అడిగాను. ఆయన నన్నెంతో మెచ్చుకుని, మండలాల హద్దులు పూటపూటకూ మారేలా సవరణ తెప్పించారు. ఆ సవరణ నా వల్లే వచ్చిందని ఊళ్ళో ఇప్పటికీ నన్ను తిట్టుకుంటారు. అప్పట్నుంచీ నేను మధ్యాహ్నం దాకా బడి నడిపి, నీడ వచ్చి గోడను తాకగానే పిల్లల్ని తోలుకుని బయటికి పరిగెత్తేవాణ్ణి. భిన్నాలు చెబుతుండగా తాకితే భిన్నాలు అక్కడే ఆగిపోయేవి.

ఎరుపూ పసుపూ చీరలు పక్షుల మనోభావాలకు ప్రతికూలమని తేలింది. ఊరందరికీ ఆకుపచ్చ గుడ్డలు పంచారు. ఆడా మగా, పిల్లా జెల్లా అందరం ఆకుపచ్చగా తిరిగాం. కొంగలు మమ్మల్ని పొదలనుకున్నాయో ఏమో, ఒకరోజు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటుంటే ఒక కొంగ వచ్చి నా తలమీద పుల్ల పెట్టి వెళ్ళింది. కాసేపటికి ఇంకో పుల్ల తెచ్చింది. పరాంకుశం గారికి ఆనందం పట్టలేదు.

"మానవ విహంగ సమన్వయం ఆశించిన స్థాయికి చేరుకుంటున్నది. గూడు సంపూర్ణమయ్యేవరకు తమరు కదలరాదు," అన్నారు.

నాకు బడి ఉందని చెప్పి తప్పించుకున్నాను.

ఇవన్నీ మేము ఓర్చుకున్నాం. అసలు చిక్కు కోతుల దగ్గర వచ్చింది. కోతి కూడా వన్యప్రాణే, గుడ్డు తినడం దాని సహజ హక్కు, ప్రకృతి వ్యవహారాల్లో మనుషులు కల్పించుకోకూడదని శాఖ వారి సిద్ధాంతం. 'కోతులను దూషించరాదు' అని ఓబులమ్మ గోడ మీదే రాయించారు. కాపలాకు మౌలాలిని వేశారు. వాడు మా ఊరివాడే, మొన్నమొన్నటి దాకా వాడూ రాళ్ళు పట్టుకుని కోతుల వెంట పడినవాడే. ఇప్పుడు ఖాకీ చొక్కా వేసుకుని, కోతుల పక్షాన నిలబడ్డాడు.

"నీకు సిగ్గనిపీల్యాదారా మౌలాలీ?" అంది ఓబులమ్మ.

"అనిపిస్తాంది పెద్దమ్మా. జీతమొస్తాంది, ఏం చేయల్ల," అన్నాడు వాడు తల వంచుకుని.

ఆమె నోరు ఊరుకోదు. గట్టిగా తిట్టకూడదన్నారు కాబట్టి గొంతు తగ్గించి తిట్టింది. గుసగుసగా తిడితే కోతులు ఏమిటా అని దగ్గరికొచ్చి విన్నాయి. విన్నాక తీరిగ్గా చెట్టెక్కి గుడ్లు తిన్నాయి. గూడు చుట్టూ తిరుగుతూ కొంగ ముక్కు టకటకలాడిస్తుంటే ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు కూడా ఆ రోజు అన్నం సయించలేదు.

మాఘం సగమయ్యాక ఆమె గంగరత్నను తీసుకొచ్చుకోవడానికి అనుమతి అడగబోయింది. బయటివాళ్ళు ఊళ్ళోకి రావాలంటే అనుమతి కావాలి. తోడుగా నేనూ వెళ్ళాను. మా బడి వరండాయే పరాంకుశం గారి విడిది.

"సంతానోత్పత్తి కాలంలో అదనపు మానవుల ప్రవేశం నిషిద్ధం," అన్నారు పరాంకుశం గారు.

"అదనపు మనిషి కాదు సార్, నా కూతురు."

"అది మరింత క్లిష్టం. ఆమె ఒక్కరుగా ప్రవేశించి ఇద్దరుగా నిష్క్రమించే అవకాశమున్నది. పైగా శిశురోదనం అధిక శబ్ద కార్యకలాపం కిందకు వస్తుంది. శ్రావణమాసంలో దరఖాస్తు చేసుకోండి, సానుభూతితో పరిశీలిస్తాం."

"కడుపులో బిడ్డ శ్రావణం దాంకా ఆగుతాదా సార్?"

"ఆ అంశం మా శాఖ పరిధిలోనిది కాదు."

ఓబులమ్మ తన పెరటి వైపు చెయ్యి చూపించింది.

"కొంగలకి పురుడు పోసే చెట్టు నాది. నా కూతురికి పురుడు పోసేదానికి నాకు దిక్కు లేదా?"

"అమ్మా, భావోద్వేగం వద్దు. కొంగ సంరక్షిత జాబితాలో ఉన్నది. మీ అమ్మాయి ఏ జాబితాలోనూ లేదు."

ఆ మాటకు నేనేదో ఒకటి అనవలసింది. అనలేదు. ఆ నీడ సవరణ వచ్చినప్పటి నుంచీ నేను నోరు విప్పడం మానేశాను.

గుడ్లు పోయిన కొంగలు గూళ్ళు విడిచిపెట్టి చెరువు గట్టున చేరాయి. సంరక్షణ మొదలయ్యాక కొంగలు తగ్గడమేమిటని పైనుంచి అడిగారు. పరాంకుశం గారు ఊరంతా తిరిగి అధ్యయనం చేశారు. ఊళ్ళో కొంగలున్నాయి, కోతులున్నాయి, మనుషులున్నారు. కొంగలు సంరక్షితాలు, కోతులు ప్రకృతి. ఇక మిగిలింది మేము. కాబట్టి కారణం మేమేనని తేలింది.

మమ్మల్ని తరలించడంలో శాఖ చూపిన వేగం చెప్పుకోదగ్గది. బడికి మరుగుదొడ్డి అడిగితే ఏళ్ళు పట్టింది గాని, ఊరిని లేపెయ్యడానికి పక్షం కూడా పట్టలేదు. ఊరికి కొంత దూరంలో బోడిగుట్ట మీద, ఎప్పుడో ఏదో పథకం కింద కట్టి నీళ్ళు లేవని ఎవరూ చేరని కాలనీ ఉంది. చెట్టన్నది లేదు. వరసగా సిమెంటు ఇళ్ళు, కరెంటు స్తంభాలు, చుక్క ఎరగని నీళ్ళ ట్యాంకు. ఆ ట్యాంకుకు ట్యాంకరుతో నీళ్ళు పోయించి, మమ్మల్ని ట్రాక్టర్లలో ఎక్కించారు. చింతచెట్టు చుట్టూ చెయ్యేసి ఓబులమ్మ కాసేపు నిలబడింది. కీలక మండలమని మౌలాలి అనలేదు. అటు తిరిగి నిలబడ్డాడు.

"పోన్లే అయివారూ, ఆడికైతే నా బిడ్డని రానిస్తారు గదా," అంది ట్రాక్టరెక్కుతూ.

అది నిజమే. కాలనీని ఏ శాఖా సంరక్షించడం లేదు కాబట్టి ఎవరైనా రావచ్చు. గంగరత్న వచ్చింది. పాత అలవాటు ప్రకారం ఎర్రచీరలు బయటికొచ్చాయి, పొయ్యిలు రాజుకున్నాయి, గొంతులు లేచాయి. ఇన్నాళ్ళు గుసగుసలాడీ ఆడీ, ఉప్పందుకోవడానికి కూడా పక్కింటివాళ్ళను కేకలేసి పిలుచుకున్నాం. చైత్రంలో ధర్మాసుపత్రిలో గంగరత్నకు మగపిల్లవాడు పుట్టాడు. ఓబులమ్మ పొట్టేళ్ళు కోసి కాలనీ అంతటికీ భోజనాలు పెట్టింది. నలుగురూ బాగుందనే అన్నారు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆ భోజనాలకు పిలవని చుట్టాలు కూడా వచ్చారు. ముందు ఒక కొంగ వచ్చి ట్యాంకు మీద వాలింది. తర్వాత జంటగా రెండు వచ్చాయి. వారం తిరిగేసరికి ట్యాంకు మీద, స్తంభాల మీద, రేకుల షెడ్ల మీద, ఆఖరికి ఓబులమ్మ గొర్రెలదొడ్డి మీద కూడా కంపపుల్లలతో గూళ్ళు లేచాయి. కోతులు వెనకే వచ్చాయి. ఓబులమ్మ చీపురు పట్టుకుని వాటి ఏడుతరాలనూ కడిగేసింది. ఆ తిట్లు విని గూళ్ళలో కొంగలు హాయిగా కళ్ళు మూసుకున్నాయి. అక్కడ పాత ఊళ్ళో, పహారా మధ్య, మిగిలిన కోతులు ఖాళీ గూళ్ళు తడుముకుంటున్నాయట.

పరాంకుశం గారు జీపులో రానే వచ్చారు. దిగీ దిగగానే అలవాటుగా "నిశ్శబ్దం" అన్నారు. అదే క్షణంలో ఉయ్యాలలో గంగరత్న కొడుకు గుక్కపెట్టాడు. వాడి ఊపిరి గట్టిది. ఊరంతా బిగుసుకుపోయి పైకి చూసింది. నెత్తిన గూట్లో ఉన్న కొంగ మెడ వంచి ఉయ్యాల్లోకి చూసి, మళ్ళీ గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తుంటే నాకు భయం వేసింది.

"ఇన్నాళ్ళూ మనం ఒక ఘోరమైన పొరపాటు చేశాం. ఈ కొంగల సహజ ఆవాసం చింతచెట్టు కాదు. మీరు," అన్నారు.

మేము ముఖముఖాలు చూసుకున్నాం.

"మీరే ఆవాసం. ఆవాసాన్ని యథాతథంగా పరిరక్షించుట శాఖ ప్రథమ కర్తవ్యం."

మర్నాడే కాలనీ చుట్టూ ఇనప కంచె పడింది. ఆకుపచ్చ గుడ్డలు వెనక్కి తీసుకున్నారు. ఎర్రచీర తప్పనిసరి. పొద్దునా సాయంత్రం తగినంత శబ్దం రావాలి. పొయ్యిలు ఆరకూడదు. ఓబులమ్మ తిట్లు కీలక వనరుగా గుర్తింపు పొందాయి. ఒకరోజు జ్వరమొచ్చి ఆమె తిట్టలేకపోతే, సమతుల్యత దెబ్బతింటోందని మౌలాలి చేత సంజాయిషీ అడిగించారు. "తిట్టు పెద్దమ్మా, నీకు పుణ్యముంటాది," అని వాడు కిటికీ దగ్గర నిలబడి బతిమాలాడు. వాణ్ణే తిట్టింది. అది కూడా లెక్కలోకి వేసుకున్నారు.

కంచె దాటి ఎవరూ బయటికి వెళ్ళకూడదు. ఆవాసం కాళ్ళొచ్చి నడిచి పోతే కొంగలేం కావాలి? కూలికి పోయేవాళ్ళు, సంతకు పోయేవాళ్ళు అంతా లోపలే చిక్కుకున్నారు. తిండి గింజలు శాఖే పోసింది. నాకు బదిలీ వచ్చింది. మీ స్థానంలో మరో మానవుడు చేరేవరకు విడిచిపెట్టడం కుదరదన్నారు. పట్నం నుంచి సందర్శకులు రావడం మొదలైంది. వాళ్ళకోసం గుట్ట కొసన మెట్లున్న మంచె కట్టి, దుర్భిణులు పెట్టారు.

ఆదివారం ఆదివారం నరసింహులు కూడా ధర్మవరం నుంచి వచ్చి, టిక్కెట్టు కొనుక్కుని, ఆ మంచె ఎక్కి దుర్భిణిలో కొడుకును చూసుకునేవాడు. కొంగలున్నన్నాళ్ళూ కొత్త మనుషుల్ని లోపలికి రానివ్వరు. గంగరత్న వాకిట్లోకొచ్చి పిల్లవాణ్ణి రెండు చేతులతో పైకెత్తి చూపించేది. పక్కనున్న సందర్శకులు కెమెరాలు తీసేవాళ్ళు. "ఎంత ముద్దుగా ఉందో, తల్లీ పిల్లా," అని ఎవరో అంటుంటే నరసింహులు దుర్భిణి దించకుండా అలాగే నిలబడ్డాడట. కళ్ళు తుడుచుకోవాలంటే అది దించాలి, దించితే వెనకవాడి వంతు వస్తుంది.

శ్రావణం వచ్చింది. కొంగలు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని చల్లగా వెళ్ళిపోయాయి. వాటినెవరూ ఆపలేదు. పిల్లవాడికి ఐదో నెల. బాలింతనూ బిడ్డనూ సారె పెట్టి అత్తారింట్లో దిగబెట్టే వేళ అది. గేటు అవతల నరసింహులు ఆటో తెచ్చి నిలబడ్డాడు. ఇవతల పిల్లవాడితో గంగరత్న, సారె గంపతో ఓబులమ్మ, వెనకాల ఊరంతా. గేటు దగ్గర పరాంకుశం గారు.

"ఆ కూతుర్లంతా పోయినారు సార్. ఈ కూతుర్ని ఎప్పుడు పంపిస్తారు?" అంది ఓబులమ్మ.

"కొంగలు మళ్ళీ వస్తాయన్న ఆధారం మా వద్ద ఉన్నది. వాటి కాళ్ళకు వలయాలు తొడిగి విడిచిపెట్టాం. వలయం లేని జీవిని ప్రాంతం నుంచి విడుదల చేయుటకు నిబంధనలు అంగీకరించవు."

ఓబులమ్మ గంప దించింది. వంగి, కూతురి చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుంది.

"ఇవేంది సార్? ఊరకే తొడిగినారా ఇవి?"

పరాంకుశం గారు కళ్ళజోడు సర్దుకుని, మోకాళ్ళ మీద వంగి గంగరత్న కాలివేళ్ళ మెట్టెలు చూశారు.

"రెండు కాళ్ళకూనా?"

"రెండు కాళ్ళకీ. కాలికి రెండేసి."

"లోహం?"

"ఎండి సార్."

"మావి అల్యూమినియం," అన్నారాయన, కొంచెం చిన్నబుచ్చుకుని. "ప్రమాణాలకు మించియున్నవి. శిశువుకు?"

పిల్లవాడి కాళ్ళకు కడియాలున్నాయి. తల్లీబిడ్డలిద్దరూ విడుదలయ్యారు. మౌలాలి గేటు కర్ర ఎత్తాడు. వాళ్ళు దాటాక, ఓబులమ్మ గంప నెత్తికెత్తుకుని వెనకే అడుగేసింది. కర్ర దిగింది.

"వలయాలు?" అన్నారు పరాంకుశం గారు.

ఓబులమ్మ తన ఉత్తి కాళ్ళ వైపు చూసుకుంది. మొగుడు పోయిన కర్మల నాడు ఊరి ఆడవాళ్ళే కూచుని తీసేశారు ఆ మెట్టెల్ని. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. కోతుల ఏడుతరాలనూ కడిగేసే ఆ నోరు, ఒక్క మాట లేకుండా ఉండిపోయింది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది, దాంతోపాటు చెప్పలేనంత కోపం. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక నా చెప్పుల వంక చూశాను.

గంగరత్న పిల్లవాణ్ణి మొగుడి చేతికిచ్చి వెనక్కొచ్చింది. కర్ర కింద నేల మీద చతికిలబడి, తన కాళ్ళకున్న మెట్టెల్లో కాలికొకటి చొప్పున తీసి, చెయ్యి ఇవతలికి చాచి తల్లి పాదం పట్టుకుంది. ఓబులమ్మ ఉలిక్కిపడి కాలు లాక్కుంది.

"వద్దుమ్మే, నలుగురూ ఏమంటారు?"

"నలుగురూ గేటు లోపలే ఉండారు కదమ్మా," అంది గంగరత్న. "బయటికి రావల్లంటే వాళ్ళూ పెట్టుకోవల్ల."

వెనకాల ఎవరూ దగ్గలేదు కూడా. అప్పట్లో ఓబులమ్మ మెట్టెలు తీసినవాళ్ళలో ఒకామె ముందుకొచ్చి, ఆమె నెత్తి మీది గంప అందుకుంది. గంగరత్న మెట్టెలు ఎక్కించింది. పొలం పనులకు కాయలు కాచిన వేళ్ళకు అవి ఒకపట్టాన ఎక్కలేదు.

"మౌలాలీ, తనిఖీ చేయుము," అన్నారు పరాంకుశం గారు.

మౌలాలి వంగి చూశాడు. లేవకుండా చాలాసేపు చూశాడు.

"ఉండాయి సార్," అన్నాడు.

కర్ర లేచింది. ఓబులమ్మ గంపెత్తుకుని, మనవడి వైపు చరచరా నడిచింది.

ఆటో కనుమరుగయ్యేదాకా చూసి మేము కంచె దగ్గరే నిలబడిపోయాం. పై సోమవారం సంతకు, మెట్టెలున్న ఆడవాళ్ళు కొందరు వెళ్ళొచ్చారు. ఆ మరుసటి రోజు పొద్దున్నే గేటు దగ్గర వరస కట్టాం, పంచెలు పైకి పట్టుకుని, రైతులూ, కూలీలూ, సర్పంచీ. మౌలాలి ఒక్కొక్కరి కాళ్ళూ చూసి పంపుతున్నాడు. వాడి బూట్ల లోపల కూడా ఉన్నాయంటున్నారు. నా వంతు వచ్చింది, నేనూ చెప్పులు విడిచి చూపించాను. నావి కొంచెం బిగుతు.